నెల్లూరు, ప్రకాశం సేద్యం మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం కోసం ఊరు వదిలి, ఇప్పుడు నాన్న పొలం లెక్కలు చేతికి తీసుకున్నవాళ్లు, కొత్తగా కౌలుకు దిగినవాళ్లు, వేరే జిల్లా నుంచి ఇక్కడికి కోడళ్లుగానో అల్లుళ్లుగానో వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జిల్లాల హద్దులు మారుతూ వచ్చాయి కాబట్టి ఇక్కడ నెల్లూరు, ప్రకాశం అంటే పాత ఉమ్మడి జిల్లాలు అనే అనుకోండి. ఇందులో చాలా మాటలకు డబ్బుతో నేరుగా సంబంధం ఉంది. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగాం.

పుట్టి అంటే ఎన్ని కిలోలు?

నెల్లూరులో వడ్ల పుట్టి అంటే 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. ఇక్కడ దిగుబడి చెప్పినా, ధర చెప్పినా, కౌలు మాట్లాడినా పుట్లలోనే. "ఎకరాకు మూడున్నర పుట్లు అయింది" అంటే 2,975 కిలోలు అని అర్థం. పూర్వం పుట్టి అంటే కొలత పాత్రల లెక్క. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కాటాలు వచ్చాక అది బరువు లెక్కగా స్థిరపడింది. పుట్టి బరువు ఊరినిబట్టి, సరుకునిబట్టి మారుతుంది కాబట్టి వేరే జిల్లా మనిషితో మాట్లాడేటప్పుడు కిలోల్లో చెప్పుకోవడం మంచిది.

కేంద్రం ప్రకటించే మద్దతు ధర క్వింటాలుకు ఉంటుంది. 2025-26 ఖరీఫ్ మార్కెటింగ్ సీజన్‌లో సాధారణ రకానికి 2,369 రూపాయలు, గ్రేడ్-ఎ రకానికి 2,389 రూపాయలుగా ప్రకటించారు. ఎనిమిదిన్నరతో గుణిస్తే పుట్టికి సాధారణ రకం సుమారు 20,136, గ్రేడ్-ఎ సుమారు 20,306 వస్తుంది. ఏ సీజన్ ధరతో ఆ సీజన్‌కు ఇలా లెక్కవేసి ఫోన్‌లో రాసిపెట్టుకుంటే దళారి నోటి వెంట వచ్చిన ధర ఎక్కువో తక్కువో అప్పటికప్పుడు తెలుస్తుంది.

పుట్టి 850 అయితే, కాటా దగ్గర 900 పైన ఎందుకు తూస్తున్నారు?

ఈ ప్రశ్న ప్రతి కోతల సీజన్‌లోనూ వస్తుంది. కొనేవాళ్లు చెప్పే కారణం పచ్చి వడ్లు, తేమ, తాలు (లోపల బియ్యం లేని ఉత్త గింజలు). కోత మిషన్ నుంచి ట్రక్కులోకి పడిన వడ్లలో నీళ్లు ఎక్కువ ఉంటాయన్నది నిజమే. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. ఆ పైన ఉన్న తేమకు తీసేదాన్నే తరుగు అంటారు. అయితే ఆ తరుగుకు ఒక లెక్క ఉంది. అది ఎవరి నోటికొచ్చినంత ఉండడానికి వీల్లేదు.

లెక్క ఇలా వేయండి. 850 కిలోల వడ్లలో తేమ 22 శాతం ఉంటే, నీళ్లు పోను మిగిలేది 663 కిలోలు. అదే సరుకు 17 శాతానికి ఆరితే మొత్తం బరువు దాదాపు 799 కిలోలు. అంటే పుట్టికి 51 కిలోల తరుగు న్యాయం. తేమ 18 శాతమే ఉంటే అదే లెక్కన తరుగు పది కిలోలే వస్తుంది. ఇరవై రెండుకూ, పద్దెనిమిదికీ ఒకే తరుగు అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

తేమ మీటరు ఎలా పెడుతున్నారో దగ్గరుండి చూడండి. రాశి పైన ఎండ తగిలిన గింజ ఒకలా, లోపల చెయ్యి దూర్చి తీసిన గింజ ఇంకోలా చూపిస్తుంది. నాలుగైదు చోట్ల తీసి కలిపి, గిన్నెలో పోసి, రెండు మూడుసార్లు చూసి సగటు తీసుకోమని అడగడం మీ హక్కు. కాటా మీద ఖాళీ సంచి బరువు విడిగా తూయించి తీసేయించండి. పన్నెండు పుట్లు అమ్మే రైతు దగ్గర పుట్టికి 50 కిలోలు అదనంగా పోతే 600 కిలోలు, మద్దతు ధర ప్రకారమే పద్నాలుగు వేలకు పైన. ఒక ఎకరా కోత కూలికి మించిన డబ్బు అది. అందుకే ధర మాట్లాడే ముందు పుట్టి ఎంతో, తరుగు ఎంతో తేల్చుకోండి. ధర ఆ తర్వాత.

ఒంగోలు వైపు పుట్టి అనరు కదా, బస్తా ఎంత?

వడ్ల బస్తా 75 కిలోలు. సంచితో కలిపి 76 అని తూస్తారు. నెల్లూరు పుట్టి అంటే 11 బస్తాలు, పైన ఇంకో 25 కిలోలు. మిర్చి, శనగ, కంది క్వింటాళ్లలో మాట్లాడతారు. పొగాకు ధర కిలోకే చెబుతారు.

ఎడగారు అంటే ఏ పంట?

పెన్నా డెల్టా కింద వేసే రెండో పంట. మాగాణి రైతుకు అసలు పంట రబీ. తుఫాన్ల వానలు, ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరును తడుపుతాయి. నార్లు అప్పుడు పోసి, కోతలు ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా చేస్తారు. ఆ కోతలయ్యాక సోమశిల జలాశయంలో నీళ్లు మిగిలితే వేసవిలో మళ్లీ నాటి సెప్టెంబరు ప్రాంతంలో కోసేదే ఎడగారు.

ఆఫీసు కాగితాల్లో దీన్ని ముందస్తు ఖరీఫ్ అని రాస్తారు. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదు) పేరు ఎక్కించుకునేటప్పుడు మీరు ఎడగారు అన్నది అక్కడ ఏ సీజన్ కింద ఎక్కిందో చూసుకోండి. సీజన్ తప్పు పడితే ధాన్యం అమ్మేటప్పుడు పేరు కనిపించక కొనుగోలు కేంద్రం దగ్గర తిప్పలు పడాల్సి వస్తుంది. ఎడగారు నీళ్ల మీద ఆధారపడ్డ పంట. మంజూరు కాని ఆయకట్టులో ఆశకొద్దీ నాటితే చివరి తడి దొరక్క పొట్ట దశలో ఎండిపోయిన పొలాలు ఉన్నాయి. మీ కాలువకు నీళ్లిస్తామన్న ప్రకటన వచ్చేదాకా ఆగడమే మేలు.

ఐఏబీ సమావేశం, లస్కరు: వీటితో రైతుకేం పని?

ఐఏబీ అంటే సాగునీటి సలహా మండలి. సోమశిల, కండలేరుల్లో ఎన్ని టీఎంసీలున్నాయో చూసి, ఈ సీజన్‌లో ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో కలెక్టరు ఆధ్వర్యంలో తేల్చేది అక్కడే. లస్కరు కాలువ మీద తిరిగే నీటిపారుదల శాఖ మనిషి. షట్టరు ఎత్తేదీ దించేదీ ఆయనే. చివరి ఆయకట్టు రైతుకు లస్కరు ఫోన్ నంబరు ఎరువుల షాపు నంబరు కన్నా ముఖ్యం.

టీఎంసీ, క్యూసెక్కు అంటే మామూలు మాటల్లో చెప్పగలరా?

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు పారడం. అది పారే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అది నిల్వ. రైతుకు పనికొచ్చే లెక్క ఏమిటంటే, ఒక క్యూసెక్కు నీళ్లు ఒక పగలూ రాత్రీ ఆగకుండా పారితే దాదాపు రెండెకరాల్లో అడుగు లోతు నిలుస్తాయి. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ.

ఒక టీఎంసీని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు తడుస్తాయి. వరికి పంట మొత్తానికి నాలుగడుగుల దాకా నీళ్లు కావాలనుకుంటే, దారిలో ఇంకిపోయేది లెక్కలోకి తీసుకోకుండానే, టీఎంసీకి ఆరువేల ఎకరాల లోపే. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. కండలేరు నుంచి చెన్నై తాగునీటికి కూడా పోవాలి. పేపర్లో "జలాశయంలో 40 టీఎంసీలు" అని చదివినప్పుడు ఈ లెక్క వేసుకుంటే మన కాలువకు వస్తాయో రావో కొంత ఊహ తెలుస్తుంది.

తూము, కలుజు, ఆయకట్టు: చెరువు మాటలు వివరించండి.

కట్టకు అడుగున పొలాలకు నీళ్లు వదిలే దారి తూము (పుట్టి లెక్కలో చెప్పిన తూము వేరు). చెరువు నిండి పొర్లినప్పుడు మిగులు నీళ్లు బయటికి పోయే దారిని నెల్లూరు వైపు కలుజు అంటారు, మిగతా చోట్ల అలుగు. "కలుజు పారుతోంది" అంటే చెరువు నిండింది అనే సంతోషం. తుఫాను రాత్రి అదే మాట వింటే కట్ట దగ్గరికి మనిషిని పంపాలన్న హెచ్చరిక కూడా. ఆ చెరువు కింద తడిసే భూమి మొత్తం ఆయకట్టు. తూముకు దగ్గరవాళ్లది మొదటి ఆయకట్టు, దూరంవాళ్లది చివరి ఆయకట్టు.

పెన్నా మీద సంగం, నెల్లూరు ఆనకట్టలు పందొమ్మిదో శతాబ్దంలో కట్టినవి. వాటి స్థానంలో కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. ప్రకాశం పడమటి వైపు చెరువు అనగానే కంభం గుర్తొస్తుంది. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య విజయనగర కాలంలో కట్టించిన ఆ చెరువును 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. అన్ని వందల ఏళ్ల నాటి కట్ట ఇవాళ్టికీ పొలాలకు నీళ్లిస్తోందంటే, మన ఊరి చిన్న చెరువు పూడిక తీయించడానికి ఎందుకు బద్ధకిస్తున్నామో మనం ఆలోచించుకోవాలి.

కయ్య, గెనిమ, మడవ అంటే?

నెల్లూరులో వరి మడిని కయ్య అంటారు. కయ్యకూ కయ్యకూ మధ్య గట్టు గెనిమ. గెనిమకు గండి కొట్టి నీళ్లు మళ్లించే చోటు మడవ. "మడవ తిప్పొచ్చావా?" అంటే పక్క కయ్యలోకి నీళ్లు వదిలావా అని. నీటి పారుదల ఉన్న భూమి మాగాణి, వాన మీదో బోరు మీదో నడిచేది మెట్ట. పాత దస్తావేజుల్లో వీటినే నంజ, పుంజ అని రాశారు. నంజ మాగాణి, పుంజ మెట్ట. పొలం కొనేటప్పుడు కాగితంలో నంజ అని ఉన్నంత మాత్రాన ఇప్పుడు నీళ్లొస్తాయని అనుకోవద్దు. కాలువ చివరిదాకా నడిచి చూడండి.

అంకణం ఎంత? సెంటు ఎంత?

ఎకరాకు వంద సెంట్లు. సెంటుకు 48.4 చదరపు గజాలు. నెల్లూరులో ఇళ్ల స్థలాలు అంకణాల్లో అమ్ముతారు. ఇక్కడ అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. సెంటుకు ఆరు అంకణాలకు కొంచెం పైన, ఎకరాకు 605. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. అందుకని అటు బంధువులు చెప్పే ధరతో ఇక్కడి ధరను పోల్చకండి. హెక్టారు దాదాపు రెండున్నర ఎకరాలు.

ఎన్ఎల్ఆర్ 34449, బీపీటీ 5204: ఈ అంకెలేమిటి?

ముందున్న అక్షరాలు ఆ రకం పుట్టిన పరిశోధన స్థానం. ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు, బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మార్టేరు, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, ఏడీటీ అంటే తమిళనాడులోని ఆడుతురై. అంకెలు వాళ్ల పరిశోధనలో ఆ వంగడానికిచ్చిన నంబరు. ఎన్ఎల్ఆర్ 34449నే నెల్లూరు మసూరి అంటారు. సన్న గింజ, అగ్గి తెగులును తట్టుకుంటుంది, నాలుగు నెలల పంట. బీపీటీ 5204 సాంబ మసూరి. ఎంటీయూ 1010ను కాటన్ దొర సన్నాలు అంటారు. ఒకప్పుడు నెల్లూరు బియ్యానికి పేరు తెచ్చిన మొలగొలుకులు దీర్ఘకాలపు పాత రకం. దాని రుచి ఇప్పటికీ పెద్దవాళ్ల మాటల్లో ఉంది.

విత్తనం కొనేటప్పుడు సంచికి కుట్టిన చీటీ రంగు చూడండి. నీలం రంగు సర్టిఫైడ్ విత్తనం, తెలుపు ఫౌండేషన్, పసుపు బ్రీడరు. రైతు పంటకు నీలం చీటీ చాలు. చీటీ, బిల్లు రెండూ కోత అయ్యేదాకా దాచండి. కేళీలు (వేరే రకం మొక్కలు) ఎక్కువ వచ్చినా, మొలక రాకపోయినా ఫిర్యాదుకు ఆ రెండే ఆధారం.

దమ్ము, పచ్చిరొట్ట, వెద అంటే?

నీళ్లు పెట్టి బురదగా దున్నడం దమ్ము. ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించేది అందుకే. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి, పూతకొచ్చే ముందు అదే పొలంలో కలియదున్నడం పచ్చిరొట్ట. నారు పోసి నాటకుండా విత్తనాన్ని నేరుగా చల్లితే వెద. వెదలో నాటు కూలి మిగులుతుంది, కలుపు మాత్రం పెరుగుతుంది. మొదటి నెల కలుపు మీద కన్నేయగలిగితేనే వెదకు దిగండి.

చిరుపొట్ట, పొట్ట, ఈనిక, పాలు: ఈ దశలు ఎలా గుర్తుపట్టాలి?

నాటిన కొన్నాళ్లకు మొదటి మొక్క పక్కన పుట్టేవి పిలకలు. పిలకలు చాలినన్ని వచ్చాక కాండం లోపల కంకి రూపం మొదలవుతుంది. ఇది చిరుపొట్ట. బయటికి ఏమీ కనిపించదు. ఒక దుబ్బు పీకి, లావుపాటి పిలకను మొదలు నుంచి నిలువునా బ్లేడుతో చీల్చి చూడండి. గణుపుల పైన తెల్లగా, నూగులాంటి చిన్న మొన కనిపిస్తే చిరుపొట్ట పడినట్టే. చివరి విడత యూరియా, పొటాష్ వేయాల్సింది అప్పుడే. కాండం ఉబ్బితే పొట్ట, కంకి బయటికొస్తే ఈనిక.

ఈనిన తర్వాత గింజను గోళ్ల మధ్య నొక్కండి. తెల్లటి పాలు చిమ్మితే పాల దశ. ముద్దగా వస్తే గింజ గట్టిపడుతోంది. పొట్ట దశ నుంచి పాల దశ దాకా ఒక్క తడి తప్పినా తాలు గింజలు పెరుగుతాయి. కాలువ వంతులు పెట్టినప్పుడు ఏ కయ్యకు ముందు నీళ్లు పెట్టాలో తేల్చాల్సింది ఈ దశలను చూసే.

"మందు కొట్టాలి" అంటారు, ఏ మందు?

ఎరువు బలం మందు. పురుగుకు పురుగు మందు, తెగులుకు తెగులు మందు, కలుపుకు కలుపు మందు. షాపులో "వరికి మందివ్వండి" అని మాత్రం అడగొద్దు. పొలంలో కనిపించిన గుర్తు చెప్పండి, ఫొటో చూపండి.

నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో ఆకు మీద మచ్చలుంటే అగ్గి తెగులు. అదే కంకి మెడ దగ్గర నల్లబడి విరిగితే మెడవిరుపు. కంకి తెల్లగా, నిటారుగా నిలబడి, లాగితే సులువుగా ఊడొస్తే కాండం తొలిచే పురుగు. పొలంలో గుండ్రటి సుడులుగా ఎండిపోతే సుడిదోమ. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. ఆకుల మీద మందు చల్లితే దానికి తగలదు. రెండు మీటర్లకొకటి 20 సెంటీమీటర్ల కాలిబాట నాట్లప్పుడే వదిలి, దోమ కనిపిస్తే నీళ్లు తీసి, మొదళ్లు తడిసేలా కొట్టాలి. అగ్గి తెగులూ సుడిదోమా రెండూ యూరియా ఎక్కువైన పొలానికే ముందొస్తాయి. పచ్చగా నిగనిగలాడుతున్న పైరు చూసి మురిసి ఇంకో సంచి వేసే అలవాటు మానుకుంటే సగం మందుల ఖర్చు తగ్గుతుంది.

డబ్బా మీద త్రికోణం రంగు విషం తీవ్రత. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు డబ్బాలను చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా కలపొద్దు. ఇంట్లో పిల్లలకు అందే గూట్లో అసలు పెట్టొద్దు.

సంచి మీద 28-28-0, 14-35-14 అంటే?

వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. 28-28-0 యాభై కిలోల సంచిలో పద్నాలుగు కిలోల నత్రజని, పద్నాలుగు కిలోల భాస్వరం ఉంటాయి, పొటాష్ ఉండదు. యూరియాలో 46 శాతం నత్రజని ఒక్కటే, సంచి 45 కిలోలు. దుక్కిలో వేసేది దుక్కి మందు, పైరు మీద చల్లేది పైపాటు.

పదును, బెట్ట, వరుపు?

నేల దున్నడానికో విత్తడానికో సరిపడా తేమతో ఉండడం పదును. పైరు మీద ఉండగా వానలు ఆగి మొక్క వాడిపోతే బెట్ట. వాన రావలసిన కార్తెల్లో రాకపోవడం వరుపు.

ప్రకాశం నల్లరేగడిలో శనగ ఈ పదును మీదే బతుకుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు నేల పీల్చుకున్న తేమ, పైన పడే మంచు, అంతే. విత్తాక పెద్ద వాన పడితే మంచిదనుకుంటారు కొత్తవాళ్లు. శనగకు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, మళ్లీ విత్తుకోవాల్సిందే. ఇక్కడ ఎక్కువగా వేసేది జేజీ-11. పెద్ద తెల్ల గింజ కావాలంటే కాక్-2. ధర లేనప్పుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి వాళ్లిచ్చే బాండు మీద అప్పు తెచ్చుకుంటారు. వడ్డీ, అద్దె రెండూ నెలనెలా పెరుగుతుంటాయి కాబట్టి ఎన్నాళ్లు ఆగాలో ముందే గీత గీసుకోండి.

కార్తె లెక్క ఎలా?

సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి 27. మే చివర రోహిణి, జూన్ మొదటి వారం దాటాక మృగశిర, అక్టోబరులో చిత్త, ఆ నెలాఖరుకు స్వాతి. ఖరీఫ్ జిల్లాల వాళ్లు మృగశిర కోసం చూస్తే మనం చిత్త, స్వాతి కోసం ఆకాశం చూస్తాం. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడును" అనే సామెత ఈ తీరానికి బాగా వర్తిస్తుంది. ఒకే మండలంలో ఒక ఊరు నిండి పక్క ఊరు ఎండడం ఇక్కడ మామూలే.

పొగాకు రైతులు వాడే రెలుపు, బ్యారన్, మండె, నో బిడ్ అంటే ఏమిటి?

వర్జీనియా పొగాకు ఆకు ఒక్కసారి కోయరు. కింది నుంచి పక్వానికి వచ్చిన రెండు మూడు ఆకులు విడతలుగా తీస్తారు. ఒక్కో విడత ఒక రెలుపు. ఆకులను కర్రలకు కట్టి బ్యారన్‌లోకి ఎక్కిస్తారు. బ్యారన్ అంటే లోపల ఇనుప గొట్టాల్లోంచి వేడి పారే ఎత్తయిన గది. కట్టెలు బయటి పొయ్యిలో కాలుతుంటాయి. మొదట తక్కువ వేడి మీద ఆకు పసుపు తిరగాలి, తర్వాత రెప్ప (ఈనె కాక మిగతా ఆకు భాగం) ఆరాలి, చివర ఈనె ఆరడానికి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పెంచుతారు. దీన్నే క్యూరింగ్ అంటారు. ఐదారు రోజులు, రాత్రుళ్లతో సహా. వేడి తొందరగా పెంచితే ఆకు పచ్చగానే మాడుతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. రంగు పోతే గ్రేడు, గ్రేడు పోతే ధర. అందుకే ఆ రోజుల్లో బ్యారన్ దగ్గర మనిషి నిద్రపోడు.

క్యూరింగ్ అయిన ఆకును దొంతరగా పేర్చి బరువు పెట్టడం మండె. గ్రేడు చేసి, చెక్కులు కట్టి (బేళ్లు అనీ అంటారు) వేలం కేంద్రానికి తీసుకెళ్తారు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డీసీపల్లి కేంద్రాలు ఈ ప్రాంతానివి. వేలం నడిపేది 1975 చట్టంతో ఏర్పడ్డ పొగాకు బోర్డు. బ్యారన్‌కు ఇన్ని కిలోలని పరిమితి కూడా బోర్డే పెడుతుంది. చెక్కును ఎవరూ పాడకపోతే నో బిడ్. దాన్ని ఇంటికి తెచ్చి మళ్లీ గ్రేడు చేసి ఇంకో రోజు తీసుకెళ్లాలి, బండి కిరాయి, కూలీ మళ్లీ మనదే.

బర్లీ అనే ఇంకో రకం పొగాకుకు ఈ వేలం భరోసా లేదు, కంపెనీల కొనుగోలు మీదే ఆధారం. 2025లో నల్ల బర్లీ ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌తో (రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య) కొనిపించాల్సి వచ్చింది. రాతపూర్వక ఒప్పందం లేకుండా బర్లీ వేయొద్దని గట్టిగా చెబుతున్నాం.

పొగాకు మల్లె అని వింటారు. అందమైన పేరే, పని మాత్రం దొంగది. పొగాకు వేళ్ల మీద బతికే కలుపు అది. పచ్చ ఆకులుండవు, తెల్లటి కాడలా భూమిలోంచి లేస్తుంది. విత్తనం పడకముందే పీకి కాల్చేయాలి.

అడంగల్, 1బి, ఎల్‌పీఎం, చుక్కల భూమి?

1బి భూమి ఎవరిదో చెబుతుంది. అడంగల్ ఆ నంబరులో ఎవరు, ఏ పంట, ఎంత వేశారో కూడా చెబుతుంది. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. బ్యాంకుకు, రిజిస్ట్రేషన్‌కు రెండూ రాసుకుని వెళ్లండి. పాత రికార్డు ఆర్ఎస్ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవి చుక్కల భూములు. ఈ రెండు జిల్లాల్లో వీటి బాధితులు చాలామంది. అడ్వాన్సు ఇచ్చే ముందే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా, అంటే 22ఎ, చూసుకోండి.

కౌలు, కోరు, సీసీఆర్‌సీ తేడా?

ఎకరాకు ఇంత డబ్బో, ఇన్ని పుట్లో ముందే ఖాయం చేసుకుంటే కౌలు. పండినదాంట్లో వాటా అయితే కోరు. కౌలులో పంట పోయినా పుట్లు ఇవ్వాల్సిందేనా అన్న గొడవ తుఫాను ఏడాదిలో తప్పకుండా వస్తుంది. పోతే ఏం చేయాలో పెద్దమనుషుల ముందు ముందే చెప్పుకోండి.

సీసీఆర్‌సీ అంటే పంట సాగుదారు హక్కు పత్రం. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకు ఇస్తారు. అందులో భూమి హక్కు ఏమీ మారదు, పంట మీద హక్కు మాత్రమే కౌలుదారుది. యజమానులు భయపడేది ఇక్కడే. ఆ భయం వల్ల సంతకం పెట్టక, పండించిన మనిషి పేరు ఈ-క్రాప్‌లో ఎక్కక, నష్టపరిహారం పొలంలో కాలు పెట్టని వాళ్ల ఖాతాలో పడుతోంది. ఇది అన్యాయం. యజమాని సంతకం పెడితే ఆయన భూమికి వచ్చే ముప్పేమీ లేదు.

ఇన్‌పుట్ సబ్సిడీ, బీమా ఒకటేనా?

వేర్వేరు. తుఫానో కరవో వచ్చి 33 శాతం, ఆ పైన పంట పోతే ప్రభుత్వం ఇచ్చే సాయం ఇన్‌పుట్ సబ్సిడీ. ప్రీమియం కట్టిన పంటకు లెక్క ప్రకారం వచ్చేది బీమా. రెండింటికీ ఈ-క్రాప్ ఉండాలి.

ఒంగోలు గిత్తల పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటారెందుకు?

వయసు లెక్క. పాల పళ్లు ఊడి శాశ్వత దంతాలు జతజతగా వస్తాయి. పాల పళ్లు, రెండు, నాలుగు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టి బండ లాగిస్తారు. ఈ జాతి సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ దాన్ని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. నెల్లూరు గొర్రెల్లో పూర్తి తెల్లటివి పల్ల, తెలుపు మీద నల్ల మచ్చలున్నవి జొడిపి, ఎర్రటివి దొర.

రొయ్యల చెరువు వాళ్లు చెప్పే కౌంటు?

కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. వంద కౌంటు అంటే ఒక్కోటి పది గ్రాములు. ముప్పై కౌంటు అంటే ముప్పై మూడు గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. పట్టుబడి రోజు కౌంటు తీసేటప్పుడు వల అడుగు నుంచీ పై నుంచీ కలిపి తీయమనండి. చిన్నవే ఏరి తూస్తే కౌంటు పెరిగి కిలోకు ధర తగ్గిపోతుంది.